మారుపలుకు

మెస్సులో టిఫిన్ల వేళ యామిని మణికట్టుకు కట్టుకున్న చేతిమణి వెచ్చబడుతూనే ఉంది. ఇడ్లీ చల్లారేలోపు ఇంకో పది ముడులు పడ్డాయి. ఆ సముద్రపొడ్డు విశ్వవిద్యాలయంలో ఇప్పుడు ఎవరూ కష్టపడి స్నేహం చేయనక్కర్లేదు. వరసలో నిలబడి ఎవరితోనైనా రెండు మాటలాడితే చాలు, ఇద్దరి మణుల మధ్య ముడి పడుతుంది. ఆ ముడి వెంట అవతలివాళ్ల స్నేహితులు, వాళ్ల వెనక వాళ్ల స్నేహితులు, పెళ్లికొడుకు వెంట చుట్టాల్లా దిగిపోతారు. ఇలా ముడులన్నీ కలిసిన యామిని అల్లిక ఏడాది తిరక్కుండానే ఆరువందల మందిని దాటింది. హాస్టల్లో అంత పెద్ద అల్లిక ఇంకెవరికీ లేదని ఆమెకు కాస్త గర్వం కూడా.

ఆరువందల మందికి ఒక్క నోటితో బదులు చెప్పడం ఎవరి తరం? అందుకే మణిలో మారుపలుకు పెట్టారు. అది మన గొంతూ మన యాసా నేర్చుకుని మన బదులు పలకరిస్తుంది, నవ్వుతుంది, ఓదారుస్తుంది. మొదట్లో యామిని దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లకే వదిలింది. పరీక్షల ముందు విసిగిపోయి అందరికీ వదిలేసింది. ఆ అందరిలో పైడితల్లి కూడా ఉందన్న సంగతి అప్పుడు తోచలేదు.

పైడితల్లి ఆమె మొట్టమొదటి ముడి. హాస్టల్లో చేరిన రోజు బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ యామినికి, తన అమ్మ చేసిచ్చిన తాటి తాండ్ర తుంచి పెట్టిన పిల్ల.

ఆ పైడితల్లే ఇప్పుడు ఊరినుంచి నేరుగా వచ్చి, భుజాన సంచితో ఎదురుగా కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఎన్నాళ్లయిందే నిన్ను చూసి," అంది యామిని మనస్ఫూర్తిగానే. "ఏటి, ఉత్తచేతుల్తో వచ్చేశావు? అమ్మ తాండ్ర పంపలేదా?"



"అమ్మ పోయింది కదే," అంది పైడితల్లి. "మొన్ననే పెద్దకర్మ అయింది. రోజూ నాతో మాట్లాడావు. నువ్వు తినమంటేనే ఇంత ముద్ద తిన్నాను."

యామిని ఏదో ఒకటి అనేసి సర్దుకుందామని నోరు తెరిచింది కానీ, అబద్ధం కూడా రాలేదు.

"అది నేను కాదు పైడీ. మారుపలుకు. నాకసలు తెలీదు."

"అమ్మ తాండ్ర ఎండబెట్టే చాప కడగొద్దు, చుట్టి దాచుకో, ఆమె వాసన ఉంటుంది అన్నావు. అదీ నువ్వు కాదా?"

"కాదు."

సిగ్గుతో యామిని చితికిపోయింది. నాలుగు తిట్టినా, చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండునని కోరుకుంది. పైడితల్లి తిట్టలేదు. సంచి తీసుకుని లేచింది.

"ఒక్కటడుగుతాను, కాదనకు. దాన్ని మాత్రం ఆపించకు. దానితో మాట్లాడితే గాని నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు మధ్యలో రాకు."

ఆమె వెళ్లి కిటికీ పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, మణిని చెవి దగ్గర పెట్టుకుంది. యామిని మణికట్టు వెచ్చబడింది. అంత సందడిలోనూ ఆ బల్ల వైపునుంచి తన గొంతే తనకు సన్నగా వినిపించింది.

"ఏడవకే పైడీ. నేనున్నాను కదా."

యామిని తలెత్తలేకపోయింది.