ఎర్తు గుంతకు బిందెడు నీళ్లు

మా అక్క మొగుడు మాల్యాద్రి బావకు కొత్త వస్తువంటే పిచ్చి. వాళ్ల ఊరు ఆత్మకూరుకు కరెంటు వచ్చిన కొత్తల్లో ఆ వీధిలో మొదట బల్బు వెలిగింది వాళ్లింట్లోనే. అంతటితో ఊరుకుంటాడా? బావికి మోటారు పెట్టించాడు. స్నానాల గది మీద ఇనప ట్యాంకు, గదికి రేకు తలుపు. ఉదయగిరి బస్సు దిగి నేను గుమ్మంలో కాలు పెట్టానో లేదో, ఆ వైభోగం చూపించడానికి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాడు.

పైపులకూ, రేకు తలుపుకూ కలిపి ఒక రాగి తీగ చుట్టి ఉంది. అది గోడవెంట దిగి భూమిలోకి పోయింది.

"ఇదేంది బావా?"

"ఎర్తురా. మోటారులో కరెంటు కారి పైపుల్లోకి వచ్చినా, మనల్ని కొట్టకుండా దీంట్లోంచి భూమిలోకి పోతాది. కింద ఉప్పూ బొగ్గులూ పోసి రేకు పాతినాము. గుంత ఎండితే మాత్రం పని చెయ్యదంట. రోజూ బిందెడు నీళ్లు పొయ్యమన్నాడు వైరింగు మేస్త్రి."

"పోయి పోయి ఇక్కడ తవ్వినారే?"

"మిగతాదంతా రాయి. పాత బావి పూడ్చిన చోటు గదా, మెత్తగా ఉండాది."

ఆ బావి సంగతి నేను విన్నదే. ఆ బావిలో పూడిక తీస్తుంటే గట్టు విరిగిపడి పెంచలయ్య అనే కూలి లోపలే ఉండిపోయాడు. పైకి లాగమని తాడు గుంజాడట. లాగితే ఖాళీ తాడు వచ్చింది. చేసేది లేక మన్ను పోసేశారు. వాళ్లమ్మ ఓబులమ్మ బావ ఇంట్లోనే పని చేస్తుంది. దీపాల వేళ గుంతకు నీళ్లు పోసేదీ ఆమే.

"పోస్తా ఏందో మాట్లాడతాది," అని నవ్వాడు బావ. "ఈ పొద్దు లేదులే, సంగంలో కూతురింటికి పోయింది."

పొద్దు వాలుతుండగా నేను స్నానానికి దూరి గడియ వేసుకున్నాను. కిటికీ లేని గది. కుంకుడుకాయ వాసన, తుప్పు వాసన. కొళాయి కింద కూర్చుని పాట కూడా ఎత్తుకున్నాను.

ఉన్నట్టుండి అరికాళ్లు జివ్వుమన్నాయి.

కొళాయి కట్టెయ్యబోతే చెయ్యి విదిలించి కొట్టింది. ఎగిరి చెక్కపీట మీద నిలబడ్డాను. కొళాయి పారుతూనే ఉంది, తూములోకి నీళ్లు పోవడం లేదు. నీళ్లు పీట అంచు దాకా వచ్చాయి. గడియ వైపు వేలు చాపానో లేదో, మోచేతి దాకా లాగేసింది. తలుపూ ఇనుమే, పైపూ ఇనుమే. నాకు మిగిలింది ఆ పీట ఒక్కటే.

"బావా... కరెంటు తీసెయ్... చచ్చిపోతా..."

బయట పరుగులు. బల్బు ఆరిపోయింది. చీకటి.

"మెయిను తీసేసినాను. ఇంక రా," అన్నాడు బావ.

గడియ తాకాను. మళ్లీ కొట్టింది.

కరెంటు లేదు... అయినా కొట్టింది.

నీళ్లు పీట మీదికి ఎక్కాయి. కాలివేళ్లు జివ్వుమంటున్నాయి... అప్పుడు కొళాయి ఆగిపోయింది. దాని నోట్లోంచి తడిమన్ను వాసన వచ్చింది. తరవాత ఊపిరి. తరవాత, చాలా కిందనుంచి, గుసగుస...

"అమ్మ... రాలేదా?"

 బలంకొద్దీ అరిచాను.

"అక్కా... గుంతకు నీళ్లు... పొయ్యే..."

అక్క బిందె ఎత్తి కుమ్మరించిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే పైపులో... గుటక. ఇంకో గుటక. మెల్లగా కాళ్ల కింద జివ్వు తగ్గింది. గడియ చల్లగా, మామూలు ఇనుములా ఉంది. తువ్వాలుతోనే వీధిలోకి పరుగెత్తాను. ఆ సంగతి చెప్పి మా అక్క ఎంతకాలం నవ్విందో.

బావ మాత్రం నవ్వలేదు. మర్నాడే రాళ్లు పగలగొట్టించి ముందువాకిట్లో కొత్త గుంత తవ్వించాడు. పాత తీగను పైపు దగ్గర కోసేశాడు. మూరెడు ముక్క భూమిలోంచి పైకి నిలిచి ఉంది.

తరవాత నేను పోయినప్పుడు అది జానెడే ఉంది. ఆ మీదట పోతే అసలు లేదు.

"ముసిల్ది పీకి అమ్ముకుని ఉంటాది," అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

ముందువాకిట్లోకి వచ్చాను. మేస్త్రి వదులుగా వదిలిన కొత్త తీగ ఇప్పుడు బిర్రుగా సాగి ఉంది. గోడలో మేకులు కిందికి వంగిపోయాయి. ఓబులమ్మ ఖాళీ బిందె పక్కన పెట్టుకుని, ఒక వేలు ఆ తీగ మీద ఆనించి కూర్చుంది.

"చూడు సామీ," అంది మెల్లగా.

వేలు పెట్టాను.

కిందనుంచి ఎవరో గుంజుతున్నారు. ఆగి, మళ్లీ గుంజుతున్నారు... బావిలో దిగినవాడు పైకి లాగమని తాడు గుంజినట్టు.