తొందరగా పాడయ్యే సైకిలు

"నువ్వు దాని మీంచి పడితే నాకు ఫోన్ చేసేదెవరురా?"

సైకిళ్ళ షాపు మెట్టెక్కకముందే తల్లి అడిగేసింది. కొడుకు గొడుగు ముడుస్తూ, "ఇంకా కొననే లేదు, అప్పుడే పడేశావా అమ్మా?" అన్నాడు.

"కొన్నాక అడిగితే ఏం లాభం?"

ఆవిడ బెంగ కొడుకు సైకిలు మీంచి పడటం గురించొక్కటే కాదు. కొడుకు సర్వేయరు. ఎవరి స్థలాన్నయినా అంగుళం తేడా రాకుండా కొలిచే మనిషి. అలాంటివాడు ఒక్క సైకిలు ఎంచుకోలేక నెలరోజులుగా ప్రతి శనివారం ఈ షాపు చుట్టూ తిరుగుతున్నాడు. ఇంటికొచ్చి కంచం ముందు పరధ్యానంగా కూర్చుంటున్నాడు. ఎవరో మాయమాటలు చెప్పి వీణ్ణి తిప్పుకుంటున్నారు! అందుకే ఐదోసారికి తనూ వెంటపడి వచ్చింది.

లోపల గోడకు మూడు సైకిళ్ళు వేలాడుతున్నాయి. ఆవిడ కళ్ళకి మూడూ అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ మెకానిక్కు వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి. జుట్టు ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకుంది.

"రండి సర్వేయరుగారూ! ఈ వారమైనా తేలుతుందా?"

"ముందు నాకు చెప్పమ్మాయీ," తల్లి అడ్డం వచ్చింది. "ఈ మూడింట్లో పడనిది ఏది?"

మెకానిక్కు నవ్వు ఆపుకుంది. "ఫ్రేము మూడింటికీ ఒకటేనండీ, బ్రేకులూ ఒకటే. తేడా గేర్లలో. మొదటిదానికి కేబుల్ గేర్లు. మధ్యదానికి బ్యాటరీ గేర్లు, బటన్ నొక్కితే చాలు. మూడోది పైమోడల్, దానికి బ్యాటరీతోపాటు చక్రాలు కూడా బాగా తేలిక."

"కేబుల్ పుటుక్కున తెగితే?"

"అంత తేలిగ్గా తెగదండీ. కాస్త సాగుతుంది, అప్పుడప్పుడూ సరిచెయ్యాలి."

"దారిలో బ్యాటరీ అయిపోతే?"

"ముందే ఛార్జింగ్ పెట్టుకుంటారుగా."

"తేలికంటున్నావు, గాలికి కొట్టుకుపోదూ?"

"పైన మీ అబ్బాయి కూర్చుంటాడు కదండీ!"

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "మరి... వీటిలో ఏది తొందరగా పాడవుతుంది?"

"ఏంటీ?"

"అదే... దేన్ని ఎక్కువసార్లు మీ దగ్గరికి తీసుకురావాలి?"

తల్లి గబుక్కున వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. మరేమిటీ మాటలు?

"కేబుల్‌ది," మెకానిక్కు అయోమయంగా అంది. "కానీ మధ్యది తీసుకోండని నాలుగు వారాలుగా చెప్తున్నాను. మీతో ఏదీ తేలదండీ! ఇదిగో, సీటు ఎత్తు కోసం నేను రాసుకున్న కొలతలు. ఓ వారం డెబ్బై రెండు సెంటీమీటర్లు, ఇంకో వారం డెబ్బై నాలుగు, మళ్ళీ డెబ్బై ఒకటి. నా టేపు బాగానే ఉంది. మీ కాళ్ళే వారానికో పొడవు ఉంటున్నాయి!"

"మీరు టేపు పట్టుకుని దగ్గరికొస్తే నేను సరిగ్గా నిలబడలేకపోతున్నాను."

అనేశాక వాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు.

"సైకిలు తేలిపోతే ఇక ఏ వంకతో రాను? అందుకే తేల్చలేదు. ఇప్పుడు మీరే తేల్చండి. నేను రావడం మీకిష్టమైతే కేబుల్‌ది రాయండి. లేదంటే మధ్యది. తీసుకుని వెళ్ళిపోతాను, మళ్ళీ విసిగించను."

మెకానిక్కు వెనక్కి తిరిగి, స్టాండు మీదున్న సైకిలు చక్రాన్ని ఊరికే ఒక తిప్పు తిప్పింది. చక్రం టికటికమంటూ తిరుగుతోంది. బయట వాన రేకుల మీద దరువేస్తోంది.

తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మాయమాటలు చెప్పేవాళ్ళెవరూ లేరన్నమాట! మరి ఈ పిల్ల కాదంటే వీడేమైపోతాడు? ఔనంటే, పాడయ్యే సైకిలే వీడికి ఖాయం. ఏ భయం ముందు పడాలో తోచక, పాత భయాన్నే పట్టుకుంది.

"అమ్మాయీ, ఆ కేబుల్ సైకిలెక్కి వీడు ఏ కొండదారిలోనో పడ్డాడనుకో. నాకు ఫోన్ చేసేదెవరు?"

కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. టికటిక మెల్లబడింది. టిక్... టిక్... చక్రం ఆగిపోయింది.

మెకానిక్కు జుట్టులోంచి పెన్సిలు లాగింది. ముడి జారి జుట్టు భుజాల మీద పడింది. ఆర్డరు కాగితం మీద ఏదో రాసింది. కొడుకు తొంగిచూశాడు. 'కేబుల్.'

ఆ కాగితాన్నే తిరగేసి, పెన్సిలు పట్టుకుని తల్లివైపు చూసింది.

"మీ నంబరు చెప్పండి అత్తయ్యా. పక్కన తొక్కేది నేనేగా, నేనే చేస్తాను."