శుభలేఖలో వీరన్న పేరు

చాంది రొట్టెలు కాల్చి వచ్చేసరికి ముందు గదిలో తండ్రీకూతుళ్లిద్దరూ ప్రింటర్‌కు చెరోపక్క కూర్చుని దాని మొహంలోకి చూస్తున్నారు. అది మాత్రం పచ్చ లైటు వెలిగించుకుని ఉలకదు, పలకదు.

రామ్‌సింగ్ కారేపల్లి దగ్గర బడిలో హెడ్మాస్టరు. కాగితం మీద తన చేత్తో దిద్దనిదే ఏ అక్షరాన్నీ నమ్మే మనిషి కాదు. కూతురు సోని పెళ్లి శుభలేఖ ఆ పూటే ఖమ్మం ప్రెస్సుకు వెళ్లాలి. ఫోన్‌లో చూసి సరే అనమంటే ససేమిరా అన్నాడు.

"ఫోన్ల సూస్తే తప్పులు దొరుకుతయా? కాయితం తియ్."

"తీద్దామనే సూస్తున్న బాపు. నిన్న ల్యాప్‌టాప్‌ల పాత సిస్టమ్ తీసేసి లినక్స్ ఏసిన గదా. ప్రింటర్ పేరైతే కనబడ్తంది గానీ టెస్ట్ పేజీ వస్తలేదు."

"మంచిగున్నదాన్ని ఎందుకు తీసినవ్?"

"ఏడ మంచిగుంది? ఆన్ చేస్తే అన్నం ఉడికేదాక తెరుసుకోకపాయె. ఇది ఫ్రీ, ఎవలన్న వాడుకోవచ్చు."

"ఫ్రీగ వచ్చినదాని పని గిట్లనే ఉంటది" అని తీర్పు చెప్పేశాడు రామ్‌సింగ్.

చాంది బాధ ప్రింటర్ గురించి కాదు. తెర మీద 'ఆహ్వానించువారు' అన్న చోట బంధువులందరి పేర్లూ ఉన్నాయి, మరిది వీరన్న పేరు తప్ప. వీరన్న ఎక్కడో లేడు, గోడ అవతలే ఉంటాడు. రెండేళ్ల కిందట మోటార్ వైండింగ్ షాపు పెట్టినప్పుడు, అన్న అక్కడే ఉండగా సర్పంచ్ చేత రిబ్బను కట్ చేయించాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. వాకిట్లో అడ్డుగోడ లేచింది. చాంది కాపురానికి వచ్చేనాటికి వీరన్న నిక్కర్ల పిల్లాడు. తల దువ్వి బడికి పంపింది తనే. వాడి పేరు లేకుండా సోని పెళ్లి అంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

"సోనీ, మీ కాకా పేరు పెట్టు" అంది.

"పెట్టకు" అన్నాడు రామ్‌సింగ్.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సోని తల్లి మాట విని పేరు పెట్టి ప్రింట్ నొక్కింది. పని పూర్తయిందని తెర చెప్పింది. కాగితం మాత్రం రాలేదు.

"సూసినవా? మిషన్‌కు గూడ ఇష్టం లేదు. తీసెయ్" అన్నాడు రామ్‌సింగ్.

తీసేసి నొక్కింది. రాలేదు. చాంది మూతి ముడుచుకోవడం చూసి ఆయనే కాస్త దిగాడు.

"సరే తియ్, కడాకరికి పెట్టు. చిన్నక్షరాల్ల."

"చిన్నక్షరాలా? సొంత తమ్ముని పేరు చీమంత ఉంటదా? పెద్దగ పెట్టు సోనీ, మీ బాపు పక్కన్నే!"

చీమంత పేరుతో ఒకసారి, ఏనుగంత పేరుతో ఒకసారి నొక్కింది సోని.

"నన్ను రిబ్బను కాడ నిలబెట్టుకున్నడా పక్కన? తీసెయ్ అంటున్న!"

మళ్లీ తీసి, మళ్లీ నొక్కింది. ప్రింటర్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. వైరు పీకి పెట్టింది. నల్ల తెర తెరిచి ఏవో టైపు చేసింది.

"ఏందవి, మంత్రాలా?"

"కమాండ్లు బాపు. అన్నీ ప్రింట్ అయినయనే చెప్తంది ఇది. ఏదన్న ఒక్క ముక్క చెప్పు, గదొక్కటే కొట్టి సూస్త."

రామ్‌సింగ్ అప్పటికే టేబుల్ కింద దూరి వైర్లతో కుస్తీ పడుతున్నాడు. తల టేబుల్‌కు ఠప్పున తగిలింది. సైకిల్ చెయిన్ పడినా, బోరు మోటారు మొరాయించినా, చిన్నప్పటి నుంచీ ఆయనకు తెలిసిన మందు ఒక్కటే.

"ఒరే వీరన్నా, జర ఇటు రారా!"

రామ్‌సింగ్ టేబుల్ కింద నుంచి బయటికి రాలేదు. సోని ఆ మాటలే పెద్దక్షరాల్లో కొట్టి ప్రింట్ నొక్కింది. చాంది కొంగుతో కళ్లొత్తుకుంది.

అంతలో గేటు చప్పుడైంది. చేతిలో కాగితాలతో వీరన్న!

"పొద్దటిసంది ఏం తమాషా వదినె ఇది? మా ప్రింటర్ ఆగుతనే లేదు!"

సోని నెత్తి కొట్టుకుంది. రెండిళ్లకూ వైఫై ఒకటే. గోడ కట్టారు గానీ పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు. మారిస్తే ముందు తెంచుకున్నవాడిననే పేరొస్తుందని ఇద్దరికీ భయం. కొత్త లినక్స్‌కు ఈ గొడవలేం తెలుసు? వైఫైలో అదే కంపెనీ పేరుతో కనిపించిన వీరన్న ప్రింటర్‌నే ఇంటిదనుకుని పని అప్పగించింది.

"ఫస్టు శుభలేఖల నేనున్న. రెండోదాంట్ల లేను. మూడోదాంట్ల చీమలెక్కున్న. నాలుగోదాంట్ల అన్న పక్కనున్న. ఐదోదాంట్ల మళ్ల మాయం! మా ఇంటిదైతే చాయ్ పోసుకొని ప్రింటర్ ముందట్నే కూసుంది, ఇగ ఏమొస్తదో అని."

చాంది సిగ్గుతో చచ్చిపోయింది. రామ్‌సింగ్ దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

"అయితే ఏందిరా? కోపమొచ్చిందా?"

"మస్తొచ్చింది. ఇగ ఈ పెండ్లికి వచ్చేదే లేదనుకున్న. గప్పుడు ఇది వచ్చింది." వీరన్న చివరి కాగితం ముందుకు చాపాడు. "పిలిచినవ్. వచ్చిన."

"పిలవలే. నోరు జారింది."

"జారనియ్యయ్యా! రెండేండ్లు బిగవట్టుకున్నవ్, సాలదా?" అంది చాంది, ఏడుస్తూ నవ్వుతూ.

వీరన్న తల వంచుకున్నాడు. "కత్తెర నీ చేతికియ్యాల్సింది అన్నా. సర్పంచ్ వస్తే నలుగుట్ల గొప్పైతదనుకున్న. నా బుద్ధి గడ్డి తిన్నది."

రామ్‌సింగ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత తమ్ముడి భుజం పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"సోనీ, కాకా పేరు నా పక్కన పెట్టు. దాని పక్కన పిన్ని పేరు గూడ పెట్టు."

"ఆగుండ్రి. ముందు మీ ప్రింటర్ సంగతి సూస్త" అంటూ వీరన్న వైరు అందుకున్నాడు.

"ముట్టుకోకు!" అంది చాంది. "గట్లనే ఉండనియ్. కాయితం కోసమన్న రోజూ అటు పోయొస్త."

సోని ప్రింట్ నొక్కింది. అందరూ చెవులు రిక్కించి గోడ వైపు చూశారు. అవతల నుంచి తోటికోడలి కేక వినిపించింది.

"వచ్చిందక్కా! నా పేరు గూడ వచ్చింది! జల్ది రా!"

చాంది చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.