కందిపొడిలో ఏడో పేరు

లింగంపల్లి స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర పాత పుస్తకాలు పరుచుకుని కూర్చున్న ముసలివాడి గడ్డం అతికించినది. సీతారామయ్య ఆ సంగతి పది గజాల దూరం నుంచే పసిగట్టాడు. అయినా నియమం నియమమే కనుక వంగి అడిగాడు.

"ఇంగ్లీషు నుడికారాల పుస్తకం ఉందా అండీ?"

"వంటింటివి మాత్రమే మిగిలాయి."

కోడ్ సరిపోయింది. ఆ గడ్డం వెనక ఉన్నది ఇంటెలిజెన్స్‌లో అతని పై అధికారి భీమేశ్వరరావు. 2011 జూన్, ఆదివారం, ఉదయం పది గంటలు.

"చివరి మెయిల్ వచ్చింది. 'బ్రింగ్ హోమ్ ద బేకన్.'"

నాలుగు నెలలుగా హైటెక్ సిటీలో ఒక కాల్‌సెంటర్ నుంచి రోజుకొక నుడికారం మెయిల్‌లో వెళుతోంది. పైకి అది ఉద్యోగులకు ఇంగ్లీషు శిక్షణ. అన్నీ తిండి మాటలే. 'పీస్ ఆఫ్ కేక్' అంటే అతి తేలికైన పని. అది వెళ్లిన రోజు శాఖవారి సర్వర్‌కు కన్నం పడింది. 'స్పిల్ ద బీన్స్' అంటే గుట్టు విప్పడం. ఆ రోజు రహస్య జాబితా కాపీ అయింది. ఇప్పటి 'బేకన్' మాటకు అర్థం, సంపాదన ఇంటికి చేర్చడం. అంటే సరుకు దేశం దాటబోతోంది.

ఇంత బాహాటంగా రాసుకునే గూఢచారులు ఉంటారా అని సీతారామయ్య మొదట నమ్మలేదు. నమ్మకపోవడం అతని వృత్తి, ప్రవృత్తి కూడా. ఒక్కొక్క నుడికారం పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథలను ఆధారాలతో పరీక్షించి, వాటిలో చాలావరకు కట్టుకథలేనని నోట్‌బుక్ నిండా రాశాడు. అతను నోట్‌బుక్ నింపుతుండగా అవతలివాళ్లు పెన్‌డ్రైవ్ నింపుకున్నారు.

అందులో పదకొండు పేర్లు ఉన్నాయి. పరాయి గడ్డ మీద మారుపేర్లతో మసలుతున్న మనవాళ్లు. ఏడో పేరు ఉదయ్ భాస్కర్. వయసు ఇరవై తొమ్మిది. "వెళ్లు బాబూ, వెనక నేనున్నాను" అని భుజం తట్టి పంపింది సీతారామయ్యే.

"సర్వర్ కన్నం పూడ్చేశాం. బయట ఉన్నది ఆ ఒక్క కాపీయే," అన్నాడు భీమేశ్వరరావు. "నాలుగింటికి శంషాబాద్‌లో ఫ్లైట్. అక్కడ దాన్ని అందుకునేవాడికి డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్ ఉంది. వాడి బ్యాగు మనం ముట్టుకోలేం. ఆలోపే ఆపాలి."

"కొరియర్ ఎవరు సార్?"

"లోపల మనం శిక్షకురాలిగా పెట్టిన రసజ్ఞ ఉంది కదా. కనిపెట్టి మెసేజ్ పెడుతుంది. ఇది చెవిలో పెట్టుకో. ఆ కాల్‌సెంటర్‌కు వెళ్లే పెన్‌డ్రైవ్‌లలో సిగ్నలిచ్చే బీకన్ ముందే పెట్టించాం. యాభై అడుగుల్లోకి వస్తే మోగుతుంది."

చూడడానికి అది చెవిటి మెషీన్. ఈ వయసులో మారువేషానికి అంతకంటే అనువైనది లేదు.

పన్నెండయ్యేసరికి, కాల్‌సెంటర్ వైపు బయల్దేరిన సీతారామయ్య జీపు కొత్తగూడ కూడలిలో చిక్కుకుంది. ఆ రోజు వంటా-వార్పు. తెలంగాణ రాష్ట్రం కోసం జనం రోడ్డునే వంటిల్లు చేశారు. మూడేసి రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు, అద్దాల మేడల మీదికి పాకుతున్న కట్టెల పొగ. ముందు బస్సు, వెనక లారీ.

ఫోన్ మోగింది. రసజ్ఞ మెసేజ్: "కొరియర్ ఎంఎంటీఎస్ రైలు ఎక్కుతున్నాడు. వెంటనే లింగంపల్లి వెళ్లండి."

వెళ్లడం ఎలా? బందోబస్తు కోసం వచ్చిన కానిస్టేబుల్ యాదయ్య లాఠీ చంకలో ఇరికించుకుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. సీతారామయ్య అతని దగ్గరికి పరుగెత్తాడు.

"కాస్త దారి ఇప్పించండి. ప్రాణం మీదికొచ్చిందండీ!"

"ఎవ్వలి పానం సారూ? దవాఖాన కేసా?"

"అది... చెప్పకూడదండీ."

"చెప్పరానిదైతే జర కూసోండ్రి. రెండింటికి రోడ్డు ఇడుస్తరు."

"సారుది ఆంధ్రనా?" అని విస్తర్లు పరుస్తున్న మహేందర్ అడిగాడు. సీతారామయ్య తలూపాడు. "అయితేంది! ఆకలైతది గద. రా సారూ, గిట్ల కూసో."

భీమేశ్వరరావుకు ఫోన్ చేశాడు. నెట్‌వర్క్ బిజీ. మళ్లీ చేశాడు. మళ్లీ బిజీ. అప్పుడు చూశాడు: మూడు బండ్ల అవతల తెల్లకారు తలుపు తెరుచుకుంది. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, చక్రాల సూట్‌కేస్, భుజాన సంచి. దిగింది రసజ్ఞ.

శిక్షణ గదిలో ఉండవలసిన మనిషి సూట్‌కేసుతో ఎయిర్‌పోర్ట్ దారిలో ఉంది. తనను మాత్రం లింగంపల్లికి తరుముతోంది. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. తన నోట్‌బుక్ మొదట చదవనిచ్చింది ఆమెకేనని గుర్తొచ్చి సీతారామయ్య బండ్ల మధ్యనుంచి దూరి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"మీరు లింగంపల్లిలో ఉండాలి కదా మాస్టారూ?" అంది ఆమె.

"డ్రైవ్ ఇచ్చెయ్యమ్మా."

"వెతుక్కోండి."

నవ్వుతూ సూట్‌కేస్ ముందుకు నెట్టింది. అతని చెవిలో మెషీన్ కిమ్మనడం లేదు. రెండడుగుల దూరంలో నిలబడినా మోగలేదంటే సరుకు ఆమె దగ్గర లేదా? అయినా వంగి జిప్పు లాగాడు.

"ఏయ్ పెద్దమనిషీ! ఆడపిల్ల పెట్టెల చెయ్యి పెడుతవేంది? సిగ్గు లేదా?"

గరిటె ఎత్తిపట్టి అరిచింది లచ్చమ్మ. ఆ కాల్‌సెంటర్‌లోనే హౌస్‌కీపింగ్ పనిచేస్తుంది. పదిమంది తలలు తిప్పారు. సీతారామయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అరెస్టు చేసే అధికారం అతని శాఖకు లేదు. కార్డు చూపే అనుమతి లేదు. నడుముకున్న రివాల్వర్ ఆ జనంలో లచ్చమ్మ గరిటె పాటి కూడా చేయదు. మహేందర్ భుజం పట్టి కూర్చోబెడితే విస్తరి ముందు కూలబడ్డాడు. ఎదురు వరసలో రసజ్ఞను కూడా కూర్చోబెట్టారు. రెండింటికి రోడ్డు తెరుస్తారు. ఆమెకు బోలెడు టైముంది. ఉదయ్ భాస్కర్‌కే లేదు.

"ఓ మేడం, నువ్వా!" లచ్చమ్మ ఆమెను ఇప్పుడే గుర్తుపట్టింది. "ఈమె మా ఆఫీసుల ఇంగ్లీషు చెప్తది. నేను తడిబట్ట పెట్టుకుంట వింటుంట. పొద్దుందాక కేకంటది, బీన్సంటది, ఆలుగడ్డంటది. ఒక్కనాడన్న ఎవ్వలి చేతుల పిడికెడు పెట్టలే!"

వరసంతా ఘొల్లుమంది.

"పప్పుచారు నీళ్లలెక్క అయింది. ఇయ్యాల అందరు తలా ఇంత ఏసిండ్రు. నీ తాన ఏమున్నది తల్లీ?" అంటూనే భుజం సంచిలోంచి తొంగిచూస్తున్న స్టీలు డబ్బా అందుకుంది. "గిదేంది?"

"కందిపొడి. మా అత్తయ్యకు తీసుకెళ్తున్నా. ముట్టుకోకండి!"

"కందిపొడికేనా గింత పరేషాన్? పప్పు చిక్కబడ్తది, తే!"

రసజ్ఞ ముఖంలో మొదటిసారి రంగు మారింది. లచ్చమ్మ బిగుతు మూత తిప్పింది.

సీతారామయ్య చెవిలో మెషీన్ కీచుమంది.

స్టీలు! ఇంతసేపూ సిగ్నల్‌ను మింగింది ఆ డబ్బానే. ఎయిర్‌పోర్ట్‌లో ఏ తెలుగింటి కందిపొడినీ ఎవరూ కెలకరని ఆమె ధీమా.

"ఆగమ్మా!" అని అరిచాడు సీతారామయ్య. "ఆగండీ!" అని అరిచింది రసజ్ఞ. ఆ నాలుగు నెలల్లో ఇద్దరూ నిజంగా ఒకే పక్షాన నిలిచింది ఆ క్షణమే.

లచ్చమ్మ డబ్బా బోర్లించింది.

తెర్లుతున్న గుండిగలోంచి బీకన్ మోగింది. ఒకటి, రెండు, మూడు... ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాడు. ఏడు. ఎనిమిదోది రాలేదు. డ్రైవ్ ఉడికిపోయింది.

రసజ్ఞ లేచి కారు వైపు నాలుగడుగులు వేసింది. ముందు బస్సు, వెనక లారీ. కాసేపు నిలబడి, వచ్చి మళ్లీ విస్తరి ముందే కూర్చుంది. లచ్చమ్మ ఆమెకు రెండు గరిటెలు ఎక్కువే పోసింది.

"లచ్చమ్మక్కా, గిదేంది నల్లగ? మసాలనా?" యాదయ్య తన విస్తరిలోంచి ఏదో ఏరి, తుడిచి పక్కన పెట్టాడు. సీతారామయ్య దాన్ని రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే అన్నం కలుపుకున్నాడు.

ఎట్టకేలకు ఫోన్ కలిసింది. రెండింటికి రోడ్డు తెరుచుకుంది. భీమేశ్వరరావు గడ్డం లేకుండా, మహిళా పోలీసులతో వచ్చాడు.

ఆ సాయంత్రం నివేదిక ఫారం నింపుతూ సీతారామయ్య ఒక్క గడి దగ్గర ఆగిపోయాడు: 'కుట్రను భగ్నం చేయడంలో అధికారి నిర్వహించిన పాత్ర.' అబద్ధం రాయడం అతనికి అలవాటు లేదు. చాలాసేపు ఆలోచించి, స్పష్టమైన అక్షరాలతో 'భోజనం' అని రాసి సంతకం చేశాడు.