చివరి నాలుగు వరుసలు

సాయంత్రం నాలుగింటికి హన్మకొండలోని మా ఆఫీసులో టీ తాగుతున్నాం. మర్నాడే మా వర్చువల్ మ్యూజియం మొదలు. వరంగల్ జంపఖానాల కథను ఎక్కడో ఇంట్లో కూర్చున్నవాళ్లకూ చూపించాలని ఏడాది పాటు తిరిగాం. నేతగాళ్ల కథలు రికార్డు చేయడం నా పని, వాటిని తెర మీద కదిలించడం భరత్ పని. తమ్ముడిలాంటివాడని వాణ్ణి నెత్తిన పెట్టుకున్నాను. నా బుద్ధి తక్కువ.

"ఆఖరు గది జూడు శ్రీలతక్కా," అంటూ నా కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించాడు.

చీకటి. మెల్లగా, కొత్తవాడలో నేను కథ రికార్డు చేసిన ముసలమ్మ మొగిలమ్మ ఇల్లు కనిపించింది. మూలన మగ్గం. దాని మీద ఆమె భర్త రామలింగం సగం నేసి కన్నుమూసిన జంపఖానా. దాన్ని ఎక్కడా పెట్టనని ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

"పోయినోళ్ల నేతను మా ఇంట్ల ఎవ్వరు ముట్టరు బిడ్డా," అంది ఆ రోజు. "ఇది పూర్తయినంక వచ్చి నిన్ను తోల్కపోత అని పోయేముందు నాతోటి అన్నడు ఆయన. పోయినోళ్లు పేరు వెట్టి పిలిస్తే పలుకొద్దు, పలికినోళ్లను తోల్కపోతరు."

"ఇదెందుకు పెట్టినవ్ రా?" అన్నాను.

"చూసెటోళ్ల చేతికి పనుండాలె గదక్కా. ఒక్కసారి నొక్కితే ఒక్క వరుస పడ్తది. పొద్దుగాలనే బడులకు లింక్ పంపిన. పిల్లలు నేస్తనే ఉన్నరు."

"ఆమెకు మాటిచ్చిన."

"ఆమెకేం తెలుస్తది?"

ఒళ్లు మండిపోయింది. జంపఖానా పూర్తవడానికి నాలుగు వరుసలే మిగిలాయి.

"బంద్ చెయ్."

"చేసిన."

టక్... ఒక వరుస పడింది. తడి నూలు వాసన. హెడ్‌సెట్‌లో వాసనలుండవు... టక్. మగ్గం ముందు ఎవరిదో వీపు... టక్.

"భరత్... ఈ మనిషి ఎవరు?"

"మనుషులెవ్వర్ని పెట్టలేదక్కా."

టక్.

హెడ్‌సెట్ పీకి బల్ల మీద పడేశాను. మొగిలమ్మకు ఫోన్ చేశాను. రింగు వినిపించింది... హెడ్‌సెట్‌లోంచి.

భరత్ హెడ్‌సెట్ వైరు లాగేశాడు. రింగు ఆగలేదు. ఎవరో ఎత్తారు.

"అమ్మా..."

ఊపిరి చప్పుడు. తర్వాత గుసగుస.

"మాటిచ్చి గిట్ల జేస్తివా బిడ్డా... ఆయన అచ్చిండు. ఎవరు నేసిన్రని అడుగుతాండు."

"నేను కాదమ్మా... భరత్..."

ఫోన్ తెగింది.

బల్ల మీది హెడ్‌సెట్‌లోంచి ఒక ముసలి మగ గొంతు, ఎంతో ప్రేమగా, పిలిచింది.

"భరత్..."

వాడి నోరు మూయడానికి నేను లేచేలోపే, అలవాటుగా, వాడు పలికాడు.

"ఆఁ..."