పట్టూ విడుపూ

"ఎనిమిది... తొమ్మిది... పది. వదలండి," అన్నాడు రిఫరీ.

ఉడుం వదల్లేదు.

"వదలండమ్మా."

"వదుల్తున్నా సార్," అంది అక్క, రిమోట్ మీద బొటనవేలు తెల్లబడేలా నొక్కుతూ. "అదే వదలట్లేదు."

మందపాటి ప్లాస్టిక్ గోడల పెట్టెలో రెండు రోబోలు. ఒకటి ఉడుం. వెడల్పాటి ఒళ్ళు, ముందు ఉక్కు దవడ. దొరికినదాన్ని కరిచి పట్టుకోవడం తప్ప దానికి వేరే విద్య రాదు. రెండోది బొంగరం. నెత్తిన గిర్రున తిరిగే పళ్ళచక్రంతో, తగిలినదాన్నల్లా చీల్చిపారేయడం దాని పని. చక్రం వేగం అందుకునేలోపే ఉడుం వెళ్ళి దాని నడుం ఒడిసిపట్టింది. అంతవరకూ అద్భుతమే. కానీ ఈ ఆటలో ఒక నియమం ఉంది. ఎంత గట్టిగా పట్టుకున్నా సరే, రిఫరీ పది లెక్కపెట్టేసరికి వదిలేయాలి. తర్వాత కావాలంటే మళ్ళీ పట్టుకోవచ్చు.

ఆట ఆపేశారు. పాయింటు బొంగరానికి వెళ్ళింది.

ఉడుంని నడిపేది అక్క, తయారుచేసింది చెల్లెలు. ఆ చెల్లెలు నేలకేసి చూస్తూ నిలబడి ఉండగా, బొంగరం తాలూకు అబ్బాయి పెట్టె చుట్టూ తిరిగి ఆమె పక్కకి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతులకి గ్రీజు.

"మీ దవడకి తెరుచుకునే అలవాటు లేదాండి?"

"మీవాడికి దొరక్కుండా ఉండే అలవాటు లేదాండి?"

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "ఇప్పటిదాకా ఉండేది," అన్నాడు.

అలా నిజం ఒప్పేసుకునే మనిషితో పోట్లాడటం చాలా కష్టం. ఆమెకి ఒళ్ళు మండింది.

రెండు రోబోల్నీ ఒకే మూటలా మోసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. వాటిని విడదీస్తే తప్ప ఎవరిది వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళలేరు. అతను ఒకవైపు పట్టి లాగాడు, అక్క రెండోవైపు లాగింది. ఇనుపకడ్డీ దూర్చి తిప్పితే కడ్డీ వంగింది. ఉడుం మాత్రం కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోతున్నట్టుంది.

"లోపల ఏం పెట్టారు?" అనడిగాడు అతను.

"స్క్రూ. మోటారు స్క్రూని తిప్పుతుంది, స్క్రూ నట్టుని తోస్తుంది, నట్టు దవడని మూస్తుంది. బ్యాటరీ చచ్చిపోయినా పట్టు జారదు."

"మూసుకోడానికి ఎంత బలం కావాలో లెక్కేశారా?"

"మూడుసార్లు."

"తెరుచుకోడానికి?"

పైన రేకుల మీద మొదటి చినుకు టప్పుమని పడింది. ఆ తర్వాత చాలా చినుకులు పడ్డాయి.

పగలు ఆమె చేసే ఉద్యోగం పండ్లు ప్యాక్ చేసే యంత్రాలకి చేతులు డిజైన్ చేయడం. పండు కమలకుండా పట్టుకుని, పెట్టెలో పెట్టి, మెత్తగా వదిలేసే చేతులు. అలాంటి మనిషి, దవడకి తెరవడం నేర్పడమే మర్చిపోయింది.

"పండ్లతో అయితే వెన్నపూస," అంది అక్క కడ్డీ వంపు తీస్తూ. "మగపిల్లలతో అయితే ఉడుంపట్టు."

"అక్కా, నోరు మూసుకుంటావా?"

"మూసుకుంటా. మళ్ళీ తెరుచుకుంటుందో లేదో, మన వంశంలో దవడల సంగతి తెలిసిందేగా."

అప్పుడే గొడుగు ముడుస్తూ వాళ్ళమ్మ లోపలికి వచ్చింది. ఆవిడ పళ్ళ డాక్టరు. బల్ల మీద సంగతి చూసి, చెప్పులైనా విడవకుండా దగ్గరికి వచ్చింది.

"ఎందుకలా లాగుతున్నారు? బిగిసిన దవడని లాగితే ఇంకా బిగుస్తుంది. ముందు ఇంకొంచెం మూయండి. దాని మీద బరువు తగ్గితే అదే వదులుతుంది."

"అమ్మా, ఇది రోబో."

"దవడే కదా."

నవ్వొచ్చినా, ఆలోచిస్తే నిజమే. పైనుంచి నొక్కితే స్క్రూ మీద భారం తగ్గుతుంది, అప్పుడు తిరుగుతుంది. అతను రెండు చేతులతో దవడని నొక్కాడు. చాల్లేదు. ఆమె కూడా ఒక చెయ్యి వేసి నొక్కుతూ, రెండో చేత్తో పానా పట్టి స్క్రూ తిప్పింది. అతని మణికట్టు పక్కన ఆమె మణికట్టు. చెవి దగ్గర అతని ఊపిరి. వాన చప్పుడుకి హాల్లో మిగతా మాటలన్నీ ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వినిపిస్తున్నట్టున్నాయి.

టక్.

దవడ తెరుచుకుంది. ఇద్దరూ చేతులు తీయలేదు. తీయాలని గుర్తుకి రావడానికి కాస్త సమయం పట్టింది.

"ఏమ్మా," అన్నాడు రిఫరీ, వెనకనుంచి. రోబోల్ని తనిఖీ చేసి లోపలికి పంపేదీ ఆయనే. "వచ్చే పోటీ రోజున, ఆటకి ముందు తనిఖీకి రండి. నిజమైన రోబోని పట్టి, పదికి వదిలి చూపించాలి. వదల్లేదో, మీ ఉడుం ఇక ఈ పెట్టెలోకి రాదు."

ఉడుం కోసం ఆమె ఎన్ని సెలవులు ధారపోసిందో అక్కకి తెలుసు. అందుకే ఆ మాటకి అక్క కూడా జోకు వేయలేదు.

"కరిపించుకోడానికి మా బొంగరం ఉందిగా," అన్నాడు అతను, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. "ఎలాగూ అలవాటైంది. ఆదివారాలు తీసుకొస్తాను. మీకు ఇబ్బంది లేకపోతే."

ఆమెకి ఇబ్బంది లేదు. లేదని చెప్పడానికి కావలసినదానికన్నా కొంచెం ఎక్కువసేపు ఆలోచించింది, అంతే.

*

ఇంటి వెనక కారు షెడ్డే వాళ్ళ వర్క్‌షాపు. ఆ ఏడు వానలు ఆదివారాలు చూసుకుని వచ్చేవి. అతను తడిసిన జుట్టుతో, బొంగరాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చేవాడు.

అతని నాన్నది మోటారు వైండింగ్ షాపు. ఫ్యాన్లు, పంపులు, మిక్సీలు, తిరిగేది ఏది తిరగడం మానేసినా ఆ షాపుకి చేరుతుంది. మోటారుకి చెవి ఆనించి జబ్బు చెప్పేయడం అతనికి అక్కడే అబ్బింది.

"ఇది ఆయాసపడుతోంది," అన్నాడు ఉడుం మోటారు విని. "తెరవమంటే ఏడుస్తోంది."

"దాన్ని ఓదార్చడం మీ సబ్జెక్టు. నాది మెకానికల్."

ఒక్కోసారి పరీక్షపెట్టెలో బొంగరం చక్రం తిప్పి చూపించేవాడు. మొదట పళ్ళు విడివిడిగా కనిపించేవి. తర్వాత బూడిదరంగు మబ్బులా అయ్యేది. ఇంకా వేగం పెరిగితే చక్రమే కనబడేది కాదు. ఆ ఉన్నా లేనట్టుండే చక్రంలోంచి, పెట్టెకి అవతల కూర్చున్న అతని ముఖం కనిపించేది. నీళ్ళలో నీడలా కొద్దిగా వణుకుతూ. ఆమె రీడింగులు రాసుకోవాలి. రాసుకునేది కాదు.

ఒక ఆదివారం అతను జేబులోంచి నాలుగు వాషర్లు తీశాడు. చిన్నచిన్న మూతల్లా వంపు తిరిగిన ఉక్కు వాషర్లు.

"పాత పంపులోవి. స్ప్రింగులా నొక్కుకుంటాయి. మీ నట్టు వెనక వీటిని పెట్టి చూడండి. దవడ బిగిసేప్పుడు ఇనుముకి ఇనుము గుద్దుకుని పట్టేస్తోంది. మధ్యలో కాస్త మెత్తదనం ఉంటే వదలడం తేలిక."

"పట్టు తగ్గదా?"

"తగ్గదు. మెత్తగా పట్టుకుంటే పట్టు తగ్గుతుందని ఎవరు చెప్పారు?"

అతను వాషర్ల గురించే అన్నాడు. ఆమెకి మాత్రం చెవులు వేడెక్కాయి.

సోమవారం సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి ఆ నాలుగూ బిగించింది. ఒక చెక్కదిమ్మని కరిపించి, మీట నొక్కింది. ఉడుం ఆవలించినట్టు దవడ తెరిచింది. మళ్ళీ కరిపించింది. మళ్ళీ తెరిచింది. ఎన్నిసార్లయినా అంతే, సుతారంగా.

గంతులేయాల్సింది. వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

దవడ బాగైపోతే అతనికి ఇక్కడ పనేముంటుంది?

ఆదివారం పొద్దున్న, అతను వచ్చేముందు, నాలుగు వాషర్లూ విప్పి కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"పనిచేయలేదండి," అంది, పానా వైపు చూస్తూ. "తేమకి బిగుసుకుంటోందేమో."

"తేమకి," అన్నాడు అతను.

"ఈ వానలకి."

"అయ్యుండొచ్చు," అన్నాడు. కిటికీలోంచి వాన చూశాడు కాసేపు. తర్వాత ఎప్పటిలా చొక్కా చేతులు మడిచి బల్ల దగ్గర కూర్చున్నాడు.

అతను వెళ్ళాక మళ్ళీ బిగించేది. ఇది మూడు ఆదివారాలు నడిచింది. కరిపించడం, ఇద్దరూ నొక్కడం, పానా తిప్పడం, టక్. మధ్యలో టీ. మధ్యలో ఏ మోటారు ఏ రాగంలో పాడుతుందన్న వాదన. వాన తగ్గేదాకా ఉండమనడం, తగ్గాక కూడా తగ్గలేదనుకోవడం.

అక్క ఊరుకునే రకం కాదు.

"ఒసేయ్, సోమవారం నుంచి శనివారం దాకా తెరుచుకునే దవడ, ఆదివారం ఎందుకు బిగుసుకుంటోందే?"

"తేమ."

"ఆహా. ఆ తేమ సైకిలేసుకుని వస్తుందా, నడిచి వస్తుందా?"

"అక్కా, ప్లీజ్."

"నాకేం. నడిపేది నేను. తనిఖీ రోజు అది తెరుచుకోకపోతే నీ నోరు తెరిపిస్తా."

*

తనిఖీ రోజు పొద్దున్న కుండపోత. వాన ముదిరేలోగా బయల్దేరాలని అక్క ఉడుంని ముందే కారెక్కించేసింది. హాలుకి చేరి, వరసలో నిలబడి, తమ వంతుకి ముందున్నవాళ్ళు లోపలికి వెళ్తుండగా చెల్లెలి ముఖం పాలిపోయింది.

"ఏమైందే?"

"వాషర్లు."

"అంటే?"

"కిటికీలోనే ఉన్నాయి. ఈసారి మళ్ళీ బిగించలేదు."

అక్క తిట్టలేదు. అంత పని జరిగిందన్నమాట. "వెళ్ళి తెస్తా," అంది తాళాలు తీస్తూ.

"టైమ్ చాలదక్కా."

లోపల ఉన్నది పాత దవడ. పట్టుకోవడం మాత్రమే తెలిసిన దవడ. పది లెక్కపెడతారు. అంతే, ఉడుం కథ ముగిసిపోతుంది. అదీ తన చేతులారా.

బొంగరాన్ని చంకలో పెట్టుకుని అతను వచ్చాడు. ఆమె ముఖం చూశాడు. ఏమీ అడక్కుండా చొక్కా జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో నాలుగు వాషర్లు, కొత్తవి, అదే సైజు.

"మర్చిపోతారేమో అనిపించింది."

ఆమె వాషర్ల వంకా, అతని వంకా చూసింది. "ఎందుకనిపించింది?"

"కిటికీలోవాటి మీద మెరుపు గీత ఉంది. గట్టిగా నొక్కుకుని పనిచేసినవాటికే అంచున ఆ గీత పడుతుంది."

"ఎప్పుడు చూశారు?"

"మీరు తేమ అన్నరోజే."

ఆమెకి భూమిలో ఒక నట్టు పట్టేంత కన్నం ఉన్నా చాలనిపించింది, దూరిపోడానికి.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వచ్చే ఆదివారం ఎలా రావాలి?" అన్నాడు, చాలా మామూలుగా. "పానా ఇవ్వండి. వరస కదులుతోంది."

అతను ఉడుంని పట్టుకున్నాడు, ఆమె నట్టు విప్పింది. నాలుగు వాషర్లూ దాని వెనక దూర్చి మళ్ళీ బిగించింది.

చక్రం ఆపి ఉంచిన బొంగరాన్ని పెట్టెలో నిలబెట్టారు. అక్క మీట నొక్కింది. దవడ మూసుకుంది. రిఫరీ లెక్క మొదలుపెట్టాడు. ఆ అంకెలు ఆమెకి ఎక్కడో పైనుంచి ఒక్కొక్కటే రాలుతున్న చినుకుల్లా వినిపించాయి.

"...పది. వదలండి."

ఉడుం వదిలింది. ఏ చప్పుడూ లేదు. ఇంతకాలం పట్టుకున్నది తను కానట్టు, మెత్తగా.

"పాస్," అన్నాడు రిఫరీ. "తర్వాత బొంగరం."

తిరిగే ఆయుధాలకి వేరే పరీక్ష. స్విచ్ ఆపాక నిమిషంలోగా చక్రం ఆగిపోవాలి. ఆగకపోతే ఎవరైనా దగ్గరికి వెళ్ళినప్పుడు వేళ్ళు పోతాయి. అతను చక్రం తిప్పాడు. ఆపాడు. రిఫరీ గడియారం చూశాడు. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. నిమిషం దాటింది. ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఫెయిల్ బాబూ. ఈసారికి కుదరదు. వచ్చే పోటీకి బ్రేకు బాగుచేసుకుని రా."

"అలాగే సార్," అన్నాడతను. ఏమాత్రం బాధపడ్డట్టు లేడు.

ఆమెకి అది నచ్చలేదు. చక్రం పూర్తిగా ఆగి, బొంగరం బల్ల మీదకి రాగానే స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పింది. లోపల బ్రేకు వైరు విడిగా వేలాడుతోంది. దాని కొసకి నల్లటేపు, నీటుగా, రెండు మడతలు, చివర చిన్న చెవి. ఆ చెవి అతనే పెడతాడు. మళ్ళీ విప్పేటప్పుడు తేలిగ్గా ఉంటుందని.

"ఇది ఊడలేదు," అంది నెమ్మదిగా. "తీశారు."

"తేమకి అయ్యుండొచ్చు."

"తేమకి టేపు చుట్టుకుంటుందా?"

"ఈ వానలకి."

నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. "అయితే ఈ పోటీ పోయినట్టేగా. ఇన్నాళ్ళ పని. బుద్ధుందా నీకు?"

అతను తలెత్తాడు. "ఏమన్నారు?"

"బుద్ధుందా అన్నాను."

"అది కాదు. చివర్లో."

బయట వాన ఒక్కసారిగా పెరిగింది. ఆమె స్క్రూడ్రైవర్ వంక చూసింది, బొంగరం వంక చూసింది. చూడ్డానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి అతని వంక చూసింది.

"నీకు," అంది.

"పోటీ మళ్ళీ వస్తుంది," అన్నాడతను. "నీ ఉడుం బాగైపోయాక నేను ఏ మొహం పెట్టుకుని మీ షెడ్డుకి రావాలి? అందుకని ఈసారి వంతు మావాడిది. ఆగడం నేర్పాలి వీడికి. నేర్పుతావా?"

"నిదానంగా నేర్పుతా," అంది. "తొందరేముంది."

అతని చెయ్యి బల్ల మీద ఉంది. ఆమె దాని మీద తన చెయ్యి వేసింది. గ్రీజు ఎవరిది ఎవరికి అంటిందో చెప్పడం కష్టం.

ఉడుం ఆ పూట బాగానే ఆడింది. రెండు ఆటలు గెలిచి మూడోదాంట్లో ఓడింది. ఆ ముగ్గురిలో అక్క తప్ప ఎవరూ ఆటలు సరిగ్గా చూడలేదు.

సాయంత్రం కారు దగ్గర అమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ అలాగే చేతులు పట్టుకుని హాలు వాకిట్లో నిలబడ్డారు, ఎదురుగా వాన, వెనక రెండు రోబోలు.

"ఇదిగో, లెక్కపెడుతున్నా," అంది అక్క కారు తలుపు తెరిచి. "ఎనిమిది, తొమ్మిది, పది. వదలండమ్మా."

ఎవరూ వదల్లేదు.

"అమ్మా, చూడు. లాగనా?"

అమ్మ గొడుగు కిందనుంచి ఆ రెండు చేతుల్నీ, రోజూ నోళ్ళు చూసే ఓపికతోనే, కాసేపు పరీక్షగా చూసింది.

"లాగితే ఇంకా బిగుస్తుంది," అంది. "ఆ అబ్బాయిని కూడా కారెక్కించు. వెనక సీట్లో చోటుంది."