మూత విప్పని మరచెంబు

ఆదివారం పొద్దున్నే బ్రాడీపేటలో శశిభూషణ్ గారింట్లో ఉప్మా చల్లారిపోతోంది. ఇంటాయన టీవీ ముందు నుంచి కదలడు. టీవీలో ఉన్నదీ ఇంటాయనే మరి. తనను తాను చూసుకుంటూ ఒకసారి కూర్చుంటాడు, ఒకసారి నిలబడతాడు, మధ్యలో ఫోన్ తీసి ఎవరేమన్నారో చూసుకుంటాడు.

పాతికేళ్ళు పాతసామాన్ల వ్యాపారం చేసిన మనిషి. ఆ రోజుల్లో ఒక చెంబో, చెక్కపెట్టో చేతికొస్తే పూటంతా ఒళ్ళో పెట్టుకుని గానీ నోరు విప్పేవాడు కాదు. 'మీ ఇంటి పాతసొత్తు' కార్యక్రమంలో నిపుణుడయ్యాక ఒక్క చూపు చాలుతోంది. ప్రకటనలు ఆయన కోసం ఆగవు కదా.

వస్తువు ఎవరిదో ఆయనకు చెప్పకపోవడం ఆ కార్యక్రమం పద్ధతి. టీవీలో యాంకర్ ఒక ఇత్తడి మరచెంబు తెచ్చి బల్ల మీద పెట్టింది. శశిభూషణ్ దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"తళతళలాడుతోంది చూడండి. ఇది నిన్నమొన్నటి సరుకు. మా అత్తగారి కాలం నాటిదని ఎవరో ముసలమ్మ కథ చెప్పి ఉంటుంది. ఇలాంటి కథలు నమ్మకండి."

టీవీలో జనం గొల్లున నవ్వారు. ఆయన భార్య కనకలక్ష్మి మాత్రం వంటింటి గుమ్మంలోనే కూలబడింది.

"ఏమండీ, అది మా బసవమ్మ పిన్ని చెంబు."

తల్లి పోయాక కనకలక్ష్మిని వినుకొండ తీసుకెళ్ళి పెంచింది ఆ పిన్నే.

"మన వాళ్ళదని తెలిస్తే మొహమాటపడతారని మీకు చెప్పకుండా టీవీ వాళ్ళకి నేనే ఇచ్చాను."

"మరి ఆ మెరుపేమిటి?"

"చింతపండు పెట్టి తోమాను. లోకమంతా చూసే చెంబుని మసితో పంపుతామా?"

"పాతసామాన్లవాడి పెళ్ళానివై ఉండి చింతపండుతో తోముతావా? నీకేమన్నా మతిపోయిందా?"

"తోమడం నా తప్పే. మీరు మూత విప్పి చూశారా?"

ఆయన టీవీ ఆపేశాడు.

కనకలక్ష్మి లోపలికి వెళ్ళి, షూటింగ్ అయ్యాక టీవీ వాళ్ళు తిరిగిచ్చిన చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోడానికి భయపడ్డాడు. చివరికి బలమంతా పెట్టి మూత తిప్పాడు. చింతపండు అందని మరల్లో ఏళ్ళనాటి నలుపు గడ్డకట్టి ఉంది. మూడు తరాల చేతులు తిప్పగా మర అంచులు అరిగిపోయి ఉన్నాయి. వ్యాపారంలో దిగిన కొత్తవాడికైనా తెలిసిపోయేదే.

"పాతదే," అన్నాడు నీరసంగా.

ఆయన వీడియోల పని చూసే కూతురు శరణ్య కంగారుగా లేచింది. "బయట అనకు నాన్నా. రేపు హైదరాబాద్‌లో టీవీ వాళ్ళతో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాలి. తప్పు చెప్పానంటే నీ మాట ఇంకెవరు నమ్ముతారు? అమ్మమ్మకి మంచి చీర తీసుకెళ్ళి సర్దిచెబుదాం."

"చీరతో పోయే మాటా అది?" అంది కనకలక్ష్మి. "నన్ను కడుపులో పెట్టుకుని పెంచిన మనిషిని అబద్ధాలకోరుని చేశారే. పిన్ని ఫోన్ కూడా ఎత్తడం లేదు."

శశిభూషణ్ హాల్లోంచి వీధిగుమ్మం దాకా, గుమ్మంలోంచి హాల్లోకి తిరుగుతూనే ఉన్నాడు. సంతకం గుర్తొస్తే ఆగుతాడు, చెంబు కనిపిస్తే కదులుతాడు. ఆఖరికి కారు తాళాలు తీసుకున్నాడు. చెంబు పట్టుకుని తల్లీకూతుళ్ళూ వెంట ఎక్కారు.

వినుకొండలో బసవమ్మ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"మీ తప్పేం లేదు నాయనా," అంది ఇటు తిరగకుండానే. "మా అత్త చెప్పిందే నేనూ చెప్పాను. మా అల్లుడు చెబుతాడు వినండని కోడలి చేత వీధంతా బొట్టు పెట్టించి పిలిపించాను. అందరూ వచ్చారు. నవ్వుకుంటూ పోయారు. పోయిన అత్తని బజారున పడేశాను."

శశిభూషణ్‌కి కళ్ళు చెమర్చాయి. ఈ మాటకు ఇంట్లో క్షమాపణ చెప్పుకుంటే సరిపోదని తెలిసింది.

"కనకం, కుంకుమభరిణె తీసుకో."

కనకలక్ష్మి ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెడుతుంటే, టీవీ నిపుణుడు ప్రతి గడప ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పొద్దున నేను తప్పు చెప్పానండి. ఒక్కసారి వచ్చి వినండి," అన్నాడు. కొందరు నవ్వారు. అయినా అందరూ వచ్చారు.

వాకిట్లో చెంబు మూత విప్పి మరలు అందరికీ చూపించాడు. "ఇది బసవమ్మగారి అత్తగారిదే. ఆవిడ చెప్పింది నిజం. నేను సరిగా చూడకుండా వాగాను."

ఫోన్లో తీస్తున్న శరణ్య చెయ్యి దించింది. "ఇది నెట్‌లో పెట్టనా నాన్నా?"

"పెట్టమ్మా. టీవీ వాళ్ళకీ పంపించు. రేపు సంతకం పెట్టించుకోవాలో వద్దో వాళ్ళిష్టం."

జనం చెంబుని ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుని చూస్తున్నారు. బసవమ్మ లేచి వచ్చింది. అల్లుడి వైపు చూడలేదు, చెంబు వైపూ చూడలేదు. లోపల గోడకి దండ వేసి ఉన్న అత్తగారి ఫోటో ముందు నిలబడింది.

"విన్నావా అత్తా?" అంది. అప్పుడు ఏడ్చింది.